చేవ్రాలును చేతులును: జువాన్ మీరో కళాఖండముల సేకరణము

ఇంటిగోడకు వ్రేలాడు పటము ఆ యింటివారి యభిరుచిని మాత్రమే గాక వారి నమ్మకములను గూడ తెలుపును. ఒకరి యింట శ్రీవేంకటేశ్వరుని పటము, ఒకరి యింట గాంధీమహాత్ముని పటము, వేఱొకరి యింట తాతముత్తాతల ఛాయాచిత్రములు ఉండుట మనకు పరిపాటి. విద్యాధికుల యిండ్లలో ఇప్పుడు మఱియొక తెఱగు పటము గూడ అక్కడక్కడ కానవచ్చుచున్నది. అది విదేశీయుడగు నవీన చిత్రకారుని అచ్చుచిత్రము. దాని క్రిందియంచున పెన్సిలుతో వ్రాసిన యొక చేవ్రాలును, భిన్నమువంటి యొక లెక్కయు నుండును. వచ్చినవారికి గృహస్థుడు మొదట చూపునది బొమ్మను గాదు, ఆ చేవ్రాలును. ఈ యలవాటు ఎంతవఱకు మంచిదో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విచారమునకు ఒక చిన్న సంగతి కారణమైనది. నా మిత్రుడొకడు గణితోపాధ్యాయుడుగా నుండి విశ్రాంతి గొన్నవాడు. అతడు విదేశమున ఉద్యోగము చేయు కుమారుని చూడబోయి, తిరిగివచ్చునపుడు అచ్చటి యంగడిలో జువాన్ మీరో బొమ్మ నొకదానిని పెద్ద వెలయిచ్చి కొనితెచ్చెను. తెల్లని కాగితముపై నల్లని పక్షి, దాని తలమీద ఎఱ్ఱని చుక్క, ప్రక్కను చిన్నపిల్లలు గీచినట్టి నక్షత్రము, క్రింద మీరో చేవ్రాలు. అంగడివాడు దానితో నొక ధ్రువపత్రమును గూడ నిచ్చెను. మూడేండ్లు ఆ పటము వారి నడిమింట నుండెను. గడచిన వానకాలమున గోడ చెమ్మగిల్లి చట్రములోనికి తడి చేరగా, దానిని విప్పి యారబెట్టుటకు నన్ను పిలిచిరి. విప్పి చూడగా కాగితము నడుమ నిలువున నొక మడతగీత కనబడెను. వెనుకవైపున ఫ్రెంచిభాషలో అచ్చుపంక్తు లుండెను. అది పత్రికనుండి విడదీసిన యాకు!

పారిస్ నగరమున మేగ్ చిత్రశాలవారు 1946 మొదలు 1982 వఱకు డెర్రియేర్ ల మిర్వార్ అను పత్రికను ప్రకటించిరి. అద్దమునకు వెనుక యని ఆ పేరున కర్థము. చిత్రప్రదర్శనములు జరిగినపుడెల్ల ఒక సంచిక వెలువడుచుండెను. అందు ఛాయాచిత్రముల నకళ్లే గాక, చిత్రకారులు స్వయముగా సిద్ధపఱచిన శిలాముద్రణములు గూడ మడిచి కుట్టబడుచుండెను. కొన్ని సంచికలకు మేలైన కాగితముపై చేవ్రాలుగల ప్రత్యేకప్రతులు కొలదిగా వేసిరి, అవి వేఱు. సామాన్యప్రతులలోని బొమ్మలకు చేవ్రాలు లేదు, లెక్క లేదు. నా మిత్రుని పటము ఈ రెండవ తెగలోనిది. బొమ్మ నిజమైనదే, చేవ్రాలు మాత్రము ఎవరో తరువాత గిలికినది. ఆ గిలుకుటవలననే దాని వెల యెన్నో రెట్లు పెరిగినది.

నా మిత్రుని ముఖము వెలవెలబోయెను. “అయితే మూడేండ్లు నేను చెత్తకాగితమునకు అద్దము కట్టించి పెట్టుకొంటినా?” అని యతడు కృంగిపోయెను. అంతలో అతని భార్య కాఫీ తీసికొనివచ్చి, సంగతి విని, “అన్నగారూ, నిన్నటిదాక బాగున్న బొమ్మ ఈవేళ ఎట్లా చెడిపోయిందండీ? పక్షి ఎగిరిపోలేదు గదా!” అనెను.

ఆ ప్రశ్నకు నేను ఆనాడు తిన్నని సమాధానము చెప్పలేకపోతిని. మోసపోయిన ధనము నిజము. ఆ మోసము నేరము. అయినను ఆమె యడిగినది ధనమును గూర్చి గాదు. మనము కొన్నది బొమ్మనా, పేరునా యని ఆమె యడిగినది. మీరో కళాఖండములను సేకరించువారందఱును ఎన్నడో యొకనాడు ఎదుర్కొనవలసిన ప్రశ్న యిదియే.

మీరో 1893లో బార్సెలోనా నగరమున జన్మించి, 1983లో మయోర్కా ద్వీపమందలి పాల్మా పట్టణమున మరణించెను. తండ్రి గడియారములు బాగుచేయు స్వర్ణకారుడు; పితామహుడు కమ్మరి; మాతామహుడు వడ్రంగి. ఇట్లు మూడు చేతిపనుల నడుమ పుట్టినవాడు గనుక, అతనికి పనివాండ్రయెడ కలిగిన గౌరవము పుస్తకములలో చదివి నేర్చినది గాదు. అతని తొలినాటి చిత్రములలో మేటియైన ‘పొలము’ అనుదానిని 1921, 1922 సంవత్సరములలో వ్రాసెను. అమెరికా రచయిత యగు హెమింగ్వే దానిని కొనెను. ఇప్పుడది వాషింగ్టను నగరపు జాతీయ చిత్రశాలలో నున్నది. తైలవర్ణచిత్రము ఒక్కటే యుండును. అది యొకని యింట నున్నంతకాలము తక్కినవారికి లేనట్లే. ఈ యిరుకు మీరోకు నచ్చలేదు. తాను తోటమాలివలె, ద్రాక్షతోట పెంచు రైతువలె పనిచేయుదునని అతడు 1959లో ప్రకటింపబడిన యొక సంభాషణమున చెప్పెను. తోటమాలి ఒక్క పండుకొఱకు చెట్టు నాటడు గదా! అచ్చుచిత్రములయందును, పోతశిల్పములయందును, నేతచిత్రములయందును అతడు దశాబ్దములపాటు శ్రమించుటకు ఈ స్వభావమే కారణమని నా యభిప్రాయము.

ముందుగా అచ్చుచిత్రమన నేమో స్పష్టపఱచుకొనవలెను. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయము స్థాపించి, తన లక్ష్మీ సరస్వతుల పటములను దేశమంతట వెదజల్లెను. అవి మన యవ్వల, తాతల యిండ్లలో పూజలందుకొన్నవి. కాని అవి నకళ్లు. రవివర్మ ముందుగా తైలవర్ణములతో వ్రాసిన చిత్రమును చూచి, అచ్చుపనివారు రాళ్లమీదికి ఎక్కించినవి. మీరో శిలాముద్రణము అట్టిది గాదు. అందు రాతికి ముందు వేఱొక చిత్రము లేదు. చిత్రకారుడు జిడ్డుసిరాతో రాతిపైననే గీయును. రాతిని తడిపినపుడు జిడ్డు లేనిచోట నీరు నిలుచును, జిడ్డున్నచోట రంగు పట్టును. 18వ శతాబ్దాంతమున బవేరియాలో సెనెఫెల్డర్ కనిపెట్టిన యుపాయమిది. రంగు కొక రాయి చొప్పున, ఒకే కాగితమును మాటిమాటికి అదే స్థానమున నుంచి అద్దవలెను. వెండ్రుకవాసి జరిగినను బొమ్మ చెడును. రాయి మీరోది, అద్దుట అచ్చుపనివానిది. ఈ రెండును గూడినపుడే బొమ్మ పుట్టును. కావున అందలి ప్రతి కాగితమును మూలచిత్రమే.

మీరో అచ్చుచిత్రములలో రెండింటిని పోల్చిచూచినచో సేకరణమును గూర్చిన ధర్మసందేహ మంతయు బయటపడును. 1937లో స్పెయినుదేశమున అంతర్యుద్ధము జరుగుచుండగా, ప్రజాప్రభుత్వమునకు సాయపడుటకై అతడొక బొమ్మను వేసెను. ఒక కటలాన్ రైతు పిడికిలి బిగించి పైకెత్తినాడు. ఆ పిడికిలి అతని శరీరమంత యున్నది. ‘స్పెయినుకు సాయపడుడు’ అని దాని పేరు. మొదట దానిని ఒక ఫ్రాంకు వెలగల తపాలాబిళ్ళగా తలపెట్టిరి. తరువాత కోతరేకులమీదుగా రంగు పూసి అచ్చువేసి పంచిరి. ఒక్క ఫ్రాంకు! పొట్టకూటికి పనిచేయువాడు గూడ కొనగల వెల. ఇక రెండవది బార్సెలోనా వరుస. యుద్ధము ఓడి, నియంతృత్వము నెలకొన్న తరువాత స్వదేశమునకు మరలివచ్చిన మీరో 1944లో 50 శిలాముద్రణములను వెలువరించెను. అంతయు నలుపు తెలుపులే. కోఱలు, గ్రుడ్లు మిటకరించు భూతములు, బెదరిన స్త్రీలు, వారిపై నక్షత్రములు. నోరెత్తరాని కాలమున ఒక జాతి గుండెలలో నున్న భయము ఆ కాగితములపై నిలిచినది. అయినను వానికి వేసిన ప్రతులు ఐదే.

ఈ రెండింటిలో అంగడియందు ఏది గొప్పదగునో చెప్పనక్కఱలేదు. అరుదైనది గొప్పదని వర్తకుని లెక్క. కాని చదువరులారా, కొంచె మాలోచింపుడు. అచ్చు అనుట యెందుకు పుట్టినది? ఒకటి పదియగుటకు, పది నూఱగుటకు పుట్టినది. అట్టి విద్యను చేపట్టి, 75 ప్రతులు వేసి, రాతిని అరగదీసి, ఇక లేవని చెప్పి వెల పెంచుట ధాన్యము దాచి కరవు తెచ్చుటవంటిదే గదా! రాగిరేకుపై సూదితో గీచిన గీత కొన్ని ప్రతులకే అరిగిపోవును గనుక అచ్చట మితి సహజము. శిలాముద్రణమున అంతటి యవసరము తఱచుగా నుండదు. అచ్చట మితి చాలవఱకు వర్తకమున కేర్పడినది. 37/75 అని వ్రాసియున్నచో అది 75 ప్రతులలో నొకటి యని మాత్రమే తెలియును. అది ముప్పదియేడవసారి అద్దినదనియు గాదు, ముప్పదియెనిమిదవదానికంటె మేలైనదనియు గాదు. చిత్రకారునికిని పనివారికిని వేఱుగా వేసిన ప్రతులు ఈ లెక్కలోనికి రావు.

అయితే చేవ్రాలు వట్టి డంబమేనా? అట్లనుట అన్యాయము. అచ్చుశాలలో నొక మంచి యాచారము కలదు. ఎన్నియో పరీక్షాప్రతులు తీసిన పిమ్మట చిత్రకారుడు ఒకదానిని మెచ్చి, ‘అచ్చు వేయవచ్చును’ అని వ్రాసి చేవ్రాలు చేయును. అచ్చుపనివాడు ఆ కాగితమును ఎదుట పెట్టుకొని తక్కిన ప్రతులన్నియు దానికి సరిపోవునట్లు చూచును. సరిపోనివానిని చించివేయును. ఆ చేవ్రాలు ఒకరి మాటపై నొకరికి గల నమ్మకము. ప్రతిప్రతిమీదను చేయు చేవ్రాలును మొదట ఆ నమ్మకమునకు సాక్ష్యమే. సాక్ష్యమును సత్యముకంటె ఎక్కువగా పూజించుటయే మనము చేసిన తప్పు. ఆ పూజవలననే దొంగసాక్ష్యములు పుట్టినవి. 1990 తరువాతి తొలియేండ్లలో అమెరికా తపాలాశాఖ పరిశోధకులు మీరో, డాలీ, పికాసో, షగాల్ పేర్లతో చెలామణి యగుచున్న వేలకొలది దొంగముద్రణములను పట్టుకొనిరి. 2008లో షికాగో నగరమున ఇట్టి వర్తకముపై మరల అభియోగములు వచ్చెను. పేరు చూచి కొనువారు లేనిచో పేరు దొంగిలించువా రెట్లుందురు?

మీరో ముద్రణములన్నియు సమానములని చెప్పుటకు వీలులేదు. 1947లో న్యూయార్కునందు హేటర్ అను ఆంగ్లేయుని కర్మశాలలో రాగిరేకుల పని నేర్చుకొన్ననాటి చిత్రములలో గీత ప్రాణముతో కదలును. ఎల్యూఆర్ కవితలకు వేసిన కొయ్యచ్చుల పుస్తకము 1958లో వెలువడినది. దాని వెనుక పదియేండ్లకు పైబడిన శ్రమయు, రెండువందలకు మించిన కొయ్యదిమ్మలును కలవు. దానిని చూచినవారు పుస్తకమును గూర్చిన తమ పూర్వాభిప్రాయమును మార్చుకొనక తప్పదు. 1954లో వెనిస్ నగరపు ప్రదర్శనమున ముద్రణకళకుగాను అతనికి మహాబహుమాన మిచ్చుట తగియున్నది. 1967 ప్రాంతమున అతడు సానపొడిని జిగురుతో రేకుపై నద్ది అచ్చువేయు క్రొత్త విధమును చేపట్టెను. అప్పుడు నలుపు ముద్దలుగా, గోడపై విసరిన బురదవలె కాగితముమీద నిలిచెను. అవి గొప్పవి. కాని అతని శిలాముద్రణముల సంఖ్య తుదకు వేయి దాటినది. చివరి దశాబ్దములలో ఆ పక్షియే, ఆ నక్షత్రమే, ఆ యెఱ్ఱచుక్కయే మరల మరల వచ్చుచు, కొన్నింట అలవాటుచేత గీచిన గీతలుగా కనబడును. కోరువా రెక్కువైనపుడు గొప్పవాడును తన్ను తాను నకలు చేసికొనును. సేకరించువారు ఈ సత్యమును మఱచి, చేవ్రాలున్నది గదా యని అన్నింటికి నొకే నమస్కారము పెట్టరాదు.

ఇక శిల్పములు. 1966 మొదలు మీరో కంచుపోత శిల్పములను విరివిగా చేసెను. అతని పద్ధతి మిక్కిలి సామాన్యమైనది. పొలముగట్ల వెంట నడచుచు, సముద్రతీరమున తిరుగుచు, విఱిగిన పీట, చిల్లుబుట్ట, సొరకాయబుఱ్ఱ, తుప్పుమేకు, పెట్టెమూత మొదలగువానిని ఏరితెచ్చి ఒకదానిపై నొకటి నిలిపి చూచును. అవి యొక మనిషిగనో పక్షిగనో నిలుచున్నట్లు తోచినచో వానిని పోతశాలకు పంపును. 1967లో చేసిన ‘పక్షి లాలనము’ అను శిల్పములో స్త్రీ శరీరమైనది బట్టలు ఇస్త్రీచేయు బల్ల. దాని కంతకును పచ్చ, ఎఱుపు, నీలము మొదలగు చిక్కని రంగులు పూసినారు. మొదట చూచినవారికి నవ్వు వచ్చును. నవ్వు తీరిన తరువాత, మన యింట మూల పడియున్న బల్లలో గూడ నొక రూపము దాగియున్నదన్న యెఱుక కలుగును. ఇంటిపనిముట్లను ఇంతటి మర్యాదతో చూచిన శిల్పులు అరుదు.

ఈ శిల్పములకు రూపమిచ్చినవారు బార్సెలోనాలోను, పారిస్ పరిసరములలోను, వెరోనాలోను ఉన్న పోతశాలలవారు. బుట్టయల్లిక, కొయ్యపగులు, త్రాటిపురి ఏదియు చెడకుండ మైనమునుండి కంచులోనికి దింపుట సామాన్యమైన విద్య గాదు. అచ్చులో అల్లిక పోగుపోగుగా నిలిచియున్నది. ఆ బుట్ట నల్లిన మేదరి పేరు ఎవ్వరికిని తెలియదు. పోతపోసినవాని పేరు శిల్పము వెనుక చిన్న ముద్రగా నుండును. చేవ్రాలు మాత్రము మీరోది. సేకరించువారు చూడవలసిన మొదటిచోటు ఆ వెనుకనున్న ముద్రయే. ఫ్రెంచి నియమములనుబట్టి 12 పోతలకు మించినవి మూలశిల్పములుగా చెల్లవు. కంచుపోతకు మితి యేర్పఱుప కున్నచో శిల్పి మరణించిన పిమ్మట గూడ అచ్చులు సంతానము కనుచునే యుండును. మంచి కొనుగోలుదారుడు ఎవరు పోసిరి, ఎప్పుడు పోసిరి, ఎన్ని పోసిరి అని యడుగును. పేరెవరిదని తుదకు అడుగును.

సొంతము చేసికొనుటకు వీలులేని శిల్పములును మీరోకు గలవు. బార్సెలోనాలో ఒక తోటయందు 22 మీటరుల యెత్తున ‘స్త్రీయును పక్షియును’ అను శిల్పము నిలిచియున్నది. దానిని రంగురంగుల పెంకుముక్కలతో పొదిగి 1983లో నెలకొల్పిరి. ఆ నగరపు ప్రధానవీథియగు రాంబ్లాలో 1976లో పఱచిన యతని చిత్రము నేలమీదనే యున్నది. అంగడికి పోవువారు, పిల్లలు, బండ్లు త్రోయువారు దానిని త్రొక్కుచు నడతురు. అందలి పలకలలో నొకదానిపై అతని చేవ్రాలును గలదు. అంగళ్లలో ఏ చేవ్రాలునకై లక్షలు చేతులు మారునో, ఆ చేవ్రాలును జనుల పాదములక్రింద నుంచుటకు అతడు వెనుదీయలేదు. అతని సేకరణకర్తలు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొన్నచో ఎంత బాగుండును!

నేతచిత్రముల కథ వీనికంటె మనోహరమైనది. పాశ్చాత్యులు టాపెస్ట్రీ యని పిలుచు ఈ విద్యలో పూర్వమునుండియు ఒక హెచ్చుతగ్గు కలదు. చిత్రకారుడు కాగితముపై రంగులతో వ్రాసి యిచ్చును. నేతగాడు దానిని చూచి పోగుపోగుగా నకలు తీయును. కీర్తి వ్రాసినవానికి, నడుమునొప్పి నేసినవానికి! న్యూయార్కులోని ప్రపంచ వాణిజ్యకేంద్రమునకు ఒక నేతచిత్రము కావలెనని మీరోను కోరినపుడు, తన కా పని తెలియదని అతడు మొదట నిరాకరించెను. చేత గాని పనికి చేవ్రాలు చేయననుట ఎంత నిజాయితీ! తరువాత అతని కుమార్తె ప్రమాదమునకు లోనై టారగోనా పట్టణపు వైద్యశాలలో కోలుకొనెను. కృతజ్ఞతగా ఆ వైద్యశాలకు ఒక నేతచిత్ర మిచ్చుటకు అతడు సమ్మతించెను. ఆ పనిలో అతనికి తోడుపడినవాడు జుజెప్ రోయో అను యువకుడైన నేతగాడు. 1970లో పూర్తియైన ఆ టారగోనా నేతచిత్రము ఇప్పుడా పట్టణపు నవీనకళాప్రదర్శనశాలలో నున్నది.

పిమ్మట ఒక పాత పిండిమరలోని రోయో కర్మశాలలో ఆ యిద్దఱును కలసి చేసిన పని వింతయైనది. 1972, 1973 సంవత్సరములలో వారు ‘సొబ్రతెయిషిమ్’ అను క్రొత్త పేరుతో నొక వరుస చేసిరి. నేతపై నేత యని దాని యర్థము చెప్పవచ్చును. గోనెలమీద, మోటునేత గుడ్డలమీద ఉన్నిముద్దలు కుట్టిరి, త్రాళ్లు, బక్కెట్లు, చేతితొడుగులు, గొడుగులు కట్టిరి, రంగు క్రుమ్మరించిరి. కొన్నింటికి నిప్పంటించి, తగినంత కాలిన తరువాత ఆర్పివేసిరి. ఇచ్చట నకలు తీయుటకు కాగితముపై చిత్రమే లేదు. నేతగాడు ఒక ముడి వేసినచో చిత్రకారుడు దానికి బదులు చెప్పును. చిత్రకారుడు రంగు చల్లినచో నేతగాడు పోగుతో బదులు చెప్పును. నా దృష్టిలో మీరో ముసలితనపు పనిలో ఇది మేల్తరమైనది. శిలాముద్రణములలో అలవాటైన నక్షత్రము ఇచ్చట మరల క్రొత్తదైనది. ఏలయన ఎదుట నొక సమానుడు నిలిచియుండెను.

ఆ యనుభవము కలిగిన పిమ్మటనే వారు న్యూయార్కునకు నేతచిత్రమును సిద్ధపఱచిరి. 1974లో ఉన్నితోను జనుపనారతోను నేసిన ఆ చిత్రము సుమారు 20 అడుగుల యెత్తు, 35 అడుగుల వెడల్పు గలది. అది దక్షిణపు గోపురపు ముందుశాలలో వ్రేలాడుచుండెను. 2001 సెప్టెంబరు 11వ తేదీని ఆ గోపురములతో పాటు అదియు భస్మమైనది. వేలకొలది ప్రాణములు పోయిన దినమున ఒక గుడ్డను గూర్చి దుఃఖించుట తగదని కొందఱనవచ్చును. మనుష్యులను గూర్చి దుఃఖించుటయే ముందుపని, సందేహము లేదు. అయినను ఆ నష్టము సేకరణకర్తలకు ఒక సత్యమును బోధించుచున్నది. వస్తువును ఎంత భద్రముగా దాచినను అది నశింపవచ్చును. ఆ వస్తువును చేయు విద్య పనివాని చేతులలో నిలిచియున్నచో మరల నేత సాగును. 1974 తరువాతను వారు నేసిరి. వాషింగ్టను జాతీయ చిత్రశాలకు 1977లో నొకటి, బార్సెలోనాలోని మీరో సంస్థకు 1979లో నొకటి ఇచ్చిరి.

ఈ చేతుల వరుసలో మన తెలుగువాడొకడును గలడని జ్ఞప్తిచేయుట నాకు సంతోషము. మీరో 1947లో న్యూయార్కునందు పనిచేసిన హేటర్ కర్మశాల పేరు అతెల్యే 17. అది పారిస్‌లో పుట్టి, యుద్ధకాలమున అమెరికాకు పోయి, 1950లో మరల పారిస్ చేరెను. అచ్చటికి పోయి చేరినవాడు చిత్తూరుజిల్లా నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి. శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యుడై, లండనులో హెన్రీ మూర్ వద్ద శిల్పము నేర్చి, పారిస్ చేరి, తుదకు ఆ కర్మశాలను హేటర్‌తో కలిసి నడపినవాడు. రంగు కొక రేకు చొప్పున అద్దుట అతనికి సరిపడలేదు. ఒకే రేకును ఎత్తుపల్లములుగా చెక్కి, చిక్కదనములో తేడాగల సిరాలను మెత్తని రూళ్లతోను గట్టి రూళ్లతోను పట్టించినచో, అవి కలసిపోక ఒకేసారి అనేకవర్ణములుగా అచ్చుపడునని ఆ కర్మశాలలో కనుగొన్నవారిలో అతడు ముఖ్యుడు. 1963నాటి ‘సుడిగుండము’ చూచినచో నీటిలో వెలుతురు పొరలు పొరలుగా దిగుట కనబడును. 1972లో పద్మశ్రీ పొంది, 2018లో న్యూయార్కునందు మరణించెను. తన విద్యను రహస్యముగా దాచక, వచ్చినవారికెల్ల నేర్పినవాడు. మీరో చేవ్రాలును అడుగక యే గుర్తుపట్టు మన విద్యావంతులలో ఎందఱు ఇతని పేరు విన్నారు?

కావున సేకరింపదలచిన గృహస్థులకు నేను చెప్పు మాటలు కొలదివే. బొమ్మను చట్రములోనే చూచి కొనకుడు. విప్పించి వెనుకవైపు చూడుడు. మడతగీత, అచ్చుపంక్తులు, కాగితపు నీటిముద్ర, కత్తిరించిన యంచు ఇవి అబద్ధ మాడవు. అంగడివాడిచ్చు ధ్రువపత్రమును నమ్మకుడు. మీరో ముద్రణములకు విద్వాంసులు సంపుటములుగా పట్టికలు కట్టియున్నారు. వానిలో ఆ చిత్రపు కొలతయు, కాగితమును, ప్రతుల సంఖ్యయు, అచ్చువేసినవారి పేరును ఉన్నవి, పోల్చిచూడుడు. ఆ పట్టికల సంపుటములలో గూడ కుట్టిన మూలముద్రణములు కలవు. వానిని విడదీసి దొంగచేవ్రాలుతో అమ్మువారు ఉన్నారు. అరుదైనదానికై అప్పు చేయకుడు. చేవ్రాలు లేని పత్రికాచిత్రమును చేవ్రాలు లేని వెలకే కొన్నచో అది న్యాయమైన బేరము. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. తరువాత వెల పెరుగునని ఇనుపపెట్టెలో పెట్టుటకు కొనువారికి మాత్రము నేను చెప్పదగిన దేమియు లేదు. వారు కొనునది కళ గాదు.

తుదకు మీరో చేసిన పనిని చూడుడు. అతడు తన చిత్రములను, శిల్పములను, నేతచిత్రములను, దాదాపు తన ముద్రణములన్నింటిని పోగుచేసి, 1975లో బార్సెలోనా కొండమీద ప్రజలకై తెఱచిన సంస్థకు ఇచ్చెను. పాల్మాలోని తన కర్మశాలలను గూడ మఱియొక సంస్థకు దానము చేసెను. అచ్చట అతని అచ్చుయంత్రము లున్న శాలలలో క్రొత్తవారు వచ్చి పని నేర్చుకొందురు. వస్తువులను మాత్రమే గాక పనిచేయు చోటును గూడ దానమిచ్చినవాడే నిజమైన సేకరణకర్త యని నా నమ్మకము.

మొన్న నేను మరల ఆ మిత్రుని యింటికి పోతిని. పటము యథాస్థానమున నున్నది. దొంగచేవ్రాలు కనబడకుండ క్రిందియంచున అట్ట కొంచెము పైకి వేయించినారు. అంగడివానికి ఉత్తరములు వ్రాసి ధనము తిరిగి రాబట్టుటకు మిత్రుడు ప్రయత్నించుచునే యున్నాడు. అది అతని హక్కు. ఆ తల్లి నన్ను చూచి, “అన్నగారూ, ఇది ఏ సంచికలోదో, అచ్చువేసినవారెవరో మీ పుస్తకాలు చూసి చెప్పండి, మా మనుమరాలు చీటీమీద వ్రాసి పటము వెనుక అంటిస్తానంటున్నది” అనెను. నేను చెప్పితిని, ఆ పిల్ల వ్రాసినది. ఆమె మూడునెలలక్రింద వేసిన ప్రశ్నకు నేను చెప్పలేని సమాధానము ఆ చీటీలో నున్నది. మన యిండ్లలోని పటములను, మనము కట్టు చీరలను, మన పూజామందిరములలోని కంచుబొమ్మలను ఒకసారి త్రిప్పి వెనుకకు చూతము. అచ్చట ఏ పేరును లేనిచో, విచారించి తెలిసికొని వ్రాయుదము. అట్టి సేకరణమునకు ధనము అక్కఱలేదు.